నిప్పు లేని పొయ్యి

గత ఆదివారం మా ఎయిర్ ఫ్రయర్‌ను బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ దాన్ని బోర్లించి, స్క్రూలు విప్పి, లోపలికి టార్చి కొట్టి చూసి, తలెత్తి నా వంక అనుమానంగా చూశాడు.

"మేడం, గీ కాయిల్‌కు బెల్లం ఎవలు వెట్టిండ్రు?"

ముప్ఫై ఏళ్ళుగా లెక్కల టీచర్‌గా పనిచేస్తున్నాను. "ఎవర్రా ఈ పని చేసింది?" అని గద్దించడమే గాని నన్నెవరూ అట్లా నిలదీయలేదు. తప్పు చేసిన పిల్లలాగా నీళ్ళు నమిలాను. కాయిల్ చుట్టూ మాడిన బెల్లం నల్లగా పెచ్చులు కట్టి ఉంది. అతను స్క్రూడ్రైవర్‌తో గీకితే చిన్న ముక్క ఊడి బల్ల మీద పడింది. తీసుకుని వాసన చూశాను. నెయ్యి, బెల్లం, అడుగున ఎక్కడో కాస్త ఇప్పపువ్వు. ఇక నా వల్ల కాలేదు. ఆ అబ్బాయి ముందే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. పాపం, నేను కాయిల్ ఖరీదుకు ఏడుస్తున్నాననుకున్నాడు. "గంత కర్సేం గాదు మేడం, పరేషాన్ గాకుండ్రి" అని ధైర్యం చెప్పాడు.

ఆ బెల్లం పెట్టిన మనిషి పోయి మూడు నెలలైంది.

ఆమె జనగామలో మా ఇంట్లో నాలుగేళ్ళు పనిచేసింది. సొంత ఊరు గూడూరు అవతల, అడవి అంచున ఉన్న ఒక తండా. కూతురు ఇక్కడ నర్సు చదువుకు చేరితే, పిల్లను ఒంటరిగా వదలనని వెంట వచ్చి రైలు గేటు దగ్గర ఒక గది తీసుకుంది. ఆమె బతుకు గురించి ఇంతకు మించి నాకు తెలియదు. అడిగితే, "గవన్ని నీకెందుకు టీచరమ్మా, పోయి లెక్కలు చెప్పుకో" అనేది. నాకు బాగా తెలిసినవి ఆమె చేతులు, ఆమె మాట, ఆమె మొండితనం.

చేతులంటే మోచేతి దాకా పచ్చబొట్లు. ఏ పని మొదలుపెట్టే ముందైనా రెండు అరచేతులూ ఒకసారి కొంగుకు తుడుచుకుని, వాటిని తిప్పి చూసుకునేది. ఏం చూసుకునేదో నాకు ఇప్పటికీ తెలియదు. వేడిని కూడా చేత్తోనే కొలిచేది. వాళ్ళ గదికి ఒకసారి వెళ్ళినప్పుడు రొట్టెలు చేస్తోంది. పెనం మీద చెయ్యి పట్టి పిల్లల పేర్లు ఒక్కొక్కటే పలుకుతోంది. రెండో పేరు పూర్తి కాకముందే చెయ్యి తీసెయ్యాల్సి వస్తే పెనం కాలినట్టట. ముగ్గురి పేర్లూ పూర్తయితే ఇంకా మంట కావాలి. "నీకు నలుగురు పుట్టి ఉంటే?" అని అడిగాను నేను, లెక్కల బుద్ధి ఎక్కడికి పోతుంది! "పుట్టిండు గాని నిలవలే. వాని పేరు కూడ చెప్త ఒకోసారి, జొన్నరొట్టెకైతే" అంది. అంటూనే రొట్టె తిప్పేసింది.

మాటంటే, ఆమె నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. "జర ఆగు, అదే చెప్తది." పాలు పొంగాయా అంటే అదే మాట. నానబెట్టిన బట్టల మరక పోతుందా అంటే అదే మాట. మా ఆయన కాలికి పుండు పడి ఏ మందు వేయాలా అని మేం తలలు పట్టుకుంటే, ఆమె చీపురు పట్టుకునే వంగి చూసి, "జర ఆగుండ్రి, పుండే చెప్తది" అంది. రెండు రోజులకు చీముపట్టి అది చెప్పనే చెప్పింది, దవాఖానకు పరుగెత్తాం.

ఇక మొండితనం. అది చెప్పాలంటే ముందు మా అత్తమ్మ గురించి చెప్పాలి.

అత్తమ్మ పుట్టిల్లు మహదేవపూర్ దిక్కు, గోదావరి ఒడ్డున. భూములున్న ఇల్లు. ఆ ఊరి వాళ్ళు ఇప్పటికీ వస్తే "దొరసానీ" అనే పిలుస్తారు. మనసు చెడ్డది కాదు గాని కొన్ని పట్టింపులు మాత్రం ఆమెతోనే పుట్టి ఆమెతోనే పెరిగాయి. ఆ తండా మనిషి పనిలో చేరిన మొదటి రోజు అత్తమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. "అన్ని చెయ్యి గని పొయ్యి కాడికి మాత్రం పోకు" అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పనక్కర లేకుండానే అందరికీ అర్థమైంది. నేను అక్కడే ఉన్నాను. మనిషిని మనిషి అట్లా అనొచ్చునా అని బడిలో పిల్లలకు చెప్పే నేను, పెద్దావిడ మనసు కష్టపెట్టడం దేనికని ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

ఆమె మాత్రం "సరె అవ్వ" అంది. దొరసాని అనలేదు, అమ్మ అన్నట్టు అవ్వ అంది. ఆ రోజు నుంచి చివరి దాకా అవ్వే.

మర్నాడు ఆమె చంకలో ఒక గుడ్డ సంచి ఉంది. అందులో ఒక నీళ్ళ సీసా, చుట్టూ తడిగుడ్డ. దాహం వేసినప్పుడల్లా వెనక గడప మీద కూర్చుని ఆ సీసా ఎత్తి తాగేది. మా వీధి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, బిందెకు తెల్లటి పొర కడుతుంది, అందుకే తెచ్చుకుంటోంది కాబోలు అనుకున్నాను. నేనూ తక్కువ తెలివిదాన్ని కాదు మరి! మేం తాగేది క్యాన్ నీళ్ళు, అవి బాగానే ఉంటాయి కదా అన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఎండాకాలంలో తెలిసింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. దుప్పట్లన్నీ ఉతికి ఆరేసి వచ్చేసరికి ఆమె సీసా ఖాళీ. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెంబు నిండా మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చాను. చెయ్యి చాపలేదు.

"వద్దు టీచరమ్మా."

"ఎందుకొద్దు? వడదెబ్బ తగిలి పడిపోతావు."

కొంగుతో ముఖం తుడుచుకుని నిదానంగా చెప్పింది. "మీ పొయ్యి నన్ను ముట్టొద్దన్నది. మరి మీ నీళ్లు నేనెందుకు ముట్టాలె? మీ అవ్వ నా చేతి వంట తిన్ననాడు మీ ఇంట్ల నీళ్లు తాగుత. గప్పటిదాక నన్ను జబర్దస్తీ చెయ్యకు."

కోపం లేదు ఆ మాటలో. చెప్పులు వేసుకుని, ఆ ఎండలో మా సందు చివర ఉన్న చలివేంద్రం దాకా నడిచిపోయి, అక్కడ రెండు గ్లాసులు తాగి, సీసా నింపుకుని వచ్చి, మళ్ళీ అంట్ల ముందు కూర్చుంది. మజ్జిగ చెంబు పట్టుకుని నేను అట్లాగే నిలబడ్డాను. మూడేళ్ళు గడిచాయి. మూడు ఎండాకాలాలు. మా ఇంట్లో ఒక్క గుక్క తాగలేదు ఆ మనిషి.

మూడో ఏడు అత్తమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చాం, హాల్లో కిటికీ పక్కన మంచం వేశాం. అప్పటి నుంచి అత్తమ్మను లేపింది, కూర్చోబెట్టింది, ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, వీపు పుండ్లు పడకుండా పొడి అద్దింది అంతా ఆమే. నర్సు చదివే కూతురిని అడిగి మరీ నేర్చుకుంది. అత్తమ్మ ఆమె మెడ పట్టుకుని లేచేది. ఆమె భుజం మీద తల వాల్చి కూర్చునేది. ఒంటికి ఆ చెయ్యి పనికొచ్చింది. వంటకు మాత్రం పనికిరాలేదు. ఇదెక్కడి న్యాయం అని నేను వంటింట్లో గిన్నెల మీద అరిచేదాన్ని, గిన్నెలకైతే వినపడేది.

కొన్నాళ్ళకు అత్తమ్మ తిండి మానేసింది. చిగుళ్ళు కుంచించుకుపోయి పళ్ళ సెట్టు కూర్చోవడం లేదు. అన్నం మెత్తగా పిసికి పెడితే ఉమ్మేసేది. "నోటికి ఏం ఇంపుగ లేదు, నన్నిడిసిపెట్టుండ్రి" అనేది. నిజానికి నోటి కంటే మనసే ముందు మూతపడింది. డాక్టరు చూసి, "ఈ వారంలో తినడం మొదలుపెట్టకపోతే ముక్కుకు పైపు వెయ్యాల్సి వస్తదమ్మా, సోమవారం తీసుకరండి" అన్నాడు. ఆ మాట విన్న మా ఆయన బయటికి వెళ్ళి చాలాసేపు లోపలికి రాలేదు.

మంచాన పడ్డ మనిషిని చూడవచ్చే వాళ్ళకు దేశంలో ఆపిల్ పండ్లు తప్ప మరేమీ దొరకవు కదా! మహదేవపూర్ నుంచి వచ్చిన వాళ్ళు, మా బడి వాళ్ళు, పక్కింటి వాళ్ళు, అందరూ ఆపిల్సే. పళ్ళు లేని మనిషి చుట్టూ పళ్ళెం నిండా ఆపిల్స్. రసం తీసి ఇచ్చినా అత్తమ్మ ముఖం తిప్పేసింది.

ఆ రోజు ఆమె హాలు ఊడుస్తూ ఫ్రిజ్ పక్క బల్ల దగ్గర ఆగింది. మా ఆయనకు నూనె తగ్గించమన్నారని కొన్న ఎయిర్ ఫ్రయర్ అది. రెండుసార్లు బెండకాయలు వేయించి, మూడోసారికి విసుగుపుట్టి ముసుగు కప్పి పెట్టాం.

"గిదేంది టీచరమ్మా? ఎన్నొద్దుల సంది జూస్తున్న, ముసుగేసుకొని కూసున్నది."

"పొయ్యి లాంటిదే అక్కా."

పొయ్యి అనగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మంచం మీంచి అత్తమ్మ నీరసంగా, అయినా గట్టిగానే అంది. "పొయ్యా? నిప్పు లేనిది పొయ్యెట్లయితది? ఉత్త గాలిడబ్బ గది."

నా లెక్కల బుర్ర అప్పుడు పనిచేసింది. ఆమెను పెరట్లోకి లాక్కుపోయాను. "అక్కా, అత్తమ్మ నిన్ను ముట్టుకోవద్దన్నది పొయ్యిని. నిప్పు లేనిది పొయ్యి కాదని ఆమే చెప్పింది. అంటే దాన్ని నువ్వు ముట్టుకోవచ్చు. ఆ ఆపిల్స్ మెత్తగా ఏమన్నా చేసి పెట్టగలవా? నా చెయ్యి ఆమెకు ఎటూ రుచించడం లేదు." ఆమె గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టుకుని ఆలోచించింది. "గట్లంటవా?" అంది. చిన్నగా నవ్వింది కూడా. మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో తన చేతి వంట ఒకరు తినబోతున్నారన్న ఆశ ఆ నవ్వులో నాకు కనపడింది.

మర్నాడు పొద్దున కొంగుముడిలో ఎండిన ఇప్పపువ్వు తెచ్చింది. నాలుగు ఆపిల్స్ కడిగింది. పైన మూతలాగా ఒక చక్రం కోసి, చెంచా కాడతో గింజలున్న నడిమి భాగం గుండ్రంగా తొలిచింది. "అడుగు తెగొద్దు, తెగితె బెల్లమంత కారిపోతది" అని తనకు తనే చెప్పుకుంటోంది. నానబెట్టిన ఇప్పపువ్వును పిండి, చిదిమిన బెల్లంలో కలిపి, యాలకుల పొడి వేసి, ఆ గుంటల్లో కూరింది. పైన చెంచాడు నెయ్యి. మళ్ళీ మూతలు పెట్టి నాలుగింటినీ ఒకదానికొకటి ఆనుకునేటట్టు బుట్టలో నిలబెట్టింది.

నేను మీట తిప్పి నూట అరవై పెట్టాను. "గదేంది?" అంది.

"వేడి."

"ఎంత వేడి? చెయ్యి పడితె ఎన్ని పేర్లు చెప్పొచ్చు?"

నేను టైమర్ ఇరవై నిమిషాలకు పెట్టాను. ఆమె ఆ టైమర్‌ను లెక్కే చేయలేదు. ఐదైదు నిమిషాలకు బుట్ట లాగి చూడడం, మళ్ళీ నెట్టడం. "అక్కా, గంట మోగుతుంది, ఆగు" అంటే, "గంటకేం ఎర్క? జర ఆగు, పండే చెప్తది" అంది. చివరికి పండే చెప్పింది. తొక్క ముడతలు పడి, ఒక పక్క సన్నగా చిట్లి, మూత కింద బెల్లం బుడబుడ ఉడుకుతోంది. చెంచా ఆనిస్తే చాలు, లోపలి కండ వెన్నలాగా దిగిపోతోంది. హాలంతా ఘుమఘుమ.

గిన్నెలోకి తీసుకుంది. చెంచాతో కొంచెం పండు, బెల్లం, నెయ్యి కలిపి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఎటో వెతుకుతోంది.

"ఏమైంది?"

"నిప్పేది?"

వాళ్ళ తండాలో తీపి ఏది చేసినా మొదటి ముద్ద నిప్పుకు వేయాలి. భోగ్ అంటారు. నిప్పుకు పెట్టనిదే ఇంట్లో పసిపిల్లకు కూడా పెట్టరు. "నిప్పు లేదక్కా ఇందులో" అన్నాను. "లేకుంటె ఎట్ల కాలింది?" అంది. వంటింట్లో గ్యాస్ వెలిగించి నేను వేస్తానన్నాను. ఒప్పుకోలేదు. చేసిన చేతితోనే వేయాలట, ఆ చెయ్యేమో వంటింటి గడప దాటకూడదు. నాకు చిరాకు వచ్చింది. పండు చల్లారిపోతోంది, అత్తమ్మ ముక్కు ఎగబీలుస్తోంది, ఇదే అదను కదా!

ఆమె నా మాట వినలేదు. బుట్ట తీసేసిన ఖాళీలోకి ఒంగి, మెడ వంచి, పైకి చూసింది. "ఉన్నది!" అని అరిచింది. "టీచరమ్మా, ఉన్నది, పైన ఉన్నది!" చల్లారుతున్న కాయిల్ ఇంకా ఎర్రగా మెరుస్తోంది. నేను వద్దు వద్దని అరిచే లోపలే చెంచాడు బెల్లం నెయ్యి దానికి అద్దేసి, కళ్ళు మూసుకుని, తన భాషలో ఏదో గొణుక్కుని, సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని ఆ డబ్బా చుట్టూ తిప్పింది. తర్వాత బుద్ధిగా బుట్టను లోపలికి నెట్టింది. టైమర్‌లో ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఫ్యాను మళ్ళీ తిరిగింది.

ఇక చూడండి పొగ! హాలు కమ్ముకుపోయింది. నేను పరుగెత్తి ప్లగ్గు పీకాను. అత్తమ్మ దగ్గుతూ, "ఏం గాలవెడ్తున్నరే!" అని కేకేసింది.

"ఏం లేదత్తమ్మా, పండు కొంచెం మాడింది" అన్నాను నేను, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పినదాన్ని.

ఆమె గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. "పండు మాడలే అవ్వ. నిప్పుల భోగ్ ఏసిన."

"నిప్పేడిది? నిప్పు లేదు గద గండ్ల!"

నేను అత్తమ్మ వెనక నిలబడి కళ్ళతో, చేతులతో సైగలు చేశాను. ఊ అను తల్లీ, లేదను, అంతే చాలు. ఆమె నా సైగలు చూసింది. చూసి కూడా చెప్పింది.

"ఉన్నదవ్వ. పైన ఉన్నది, ఎర్రగ. నా కండ్లతోని చూసిన. గిది పొయ్యే. నేను పొయ్యి ముట్టిన."

అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

పెరట్లో ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. నీ నిజం నీ దగ్గరే పెట్టుకుంటే ఏం పోయేది, ముసలామె ప్రాణం పోతోంది, సోమవారం ముక్కులో పైపు వేస్తారు, నీకు నీ పంతమే ముఖ్యమా అన్నాను. ఆమె గిన్నె కడుగుతూనే విన్నది. కడిగి బోర్లించి చెప్పింది.

"దొంగతనంగ తినవెడితె తిన్నట్టా టీచరమ్మా? నిప్పు లేదని చెప్పి తినవెడితె ఆమె తిన్నది నా చెయ్యి గాదు, నీ అబద్ధం. తెలిసి తినాలె. జర ఆగు, ఆమెనే చెప్తది."

"చెప్పకపోతే?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆమె కూడా భయపడుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

అది గురువారం. శుక్రవారం మళ్ళీ చేసింది, మళ్ళీ కాయిల్‌కు అద్దింది, మళ్ళీ పొగ. ఈసారి నేను కిటికీలన్నీ ముందే తెరిచి పెట్టాను. అత్తమ్మ తినలేదు గాని గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "గండ్ల ఇప్పపువ్వు ఏసినవా?" అని అడిగింది. "ఏసిన అవ్వ." "మా అవ్వగారింట్ల తెల్లారకముందె పోయి ఏరుకొచ్చేటోల్లం. తట్టలు తట్టలు. గోదారి గాలికి ఇల్లంత గీ వాసనే" అంది, మా ఎవరితో కాదు, కిటికీతో చెప్పినట్టు. శనివారం ఏమీ మాట్లాడలేదు. ఆమె తెచ్చి పెట్టింది, గంటసేపు పక్కన కూర్చుంది, తీసేసింది. నేను సోమవారానికి ఆటో మాట్లాడి పెట్టాను.

ఆదివారం ఆమెకు సెలవు. అయినా వచ్చింది. పండు చేసింది, నిప్పుకు పెట్టింది, గిన్నె తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టి నేల మీద కూర్చుంది. అత్తమ్మ చాలాసేపు గిన్నె వంకే చూసింది.

"దేవునికి వెట్టినవు గద" అంది చివరికి. "ప్రసాదం కాదనొద్దు. తేపో, ప్రసాదమనుకొని తింట."

నాకు ప్రాణం లేచివచ్చింది. హమ్మయ్య, పెద్దావిడ దారి వెతుక్కుంది, పెట్టవే తల్లీ పెట్టు అని లోపల్లోపల మొక్కుకున్నాను. ఆమె చెంచా అందుకోలేదు.

"ప్రసాదం నిప్పుకు పోయిందవ్వ. గిది నేను చేసిన పండు. నా చేతితోని, పొయ్యి మీద చేసిన."

అత్తమ్మ కళ్ళల్లో కోపం చూశాను. తర్వాత ఆ కోపం ఎటో పోయింది. ఎముకలు తేలిన చెయ్యి చాపి, ఆమె మణికట్టు పట్టుకుని, ఆ పచ్చబొట్ల మీద ఒకసారి వేలితో రాసింది.

"గీ చెయ్యితోనేనా?"

"గీ చెయ్యితోనే అవ్వ."

"పెట్టు మరి. ఆకలైతున్నది."

పెట్టింది. అత్తమ్మ మొదటి చెంచా నోట్లో చాలాసేపు ఉంచుకుంది, ఉమ్మేస్తుందేమోనని నేను చేతులు నలుపుకున్నాను. మింగింది. నోరు తెరిచింది. పండంతా తినేసింది, తొక్కకు అంటుకున్న బెల్లం కూడా గీకించుకుని మరీ. అత్తమ్మ కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, ఆమె కొంగుతో తుడుస్తోంది.

ఖాళీ గిన్నె కింద పెట్టి ఆమె నా వైపు తిరిగింది.

"టీచరమ్మా, గిన్ని నీళ్లియ్యి. గొంతెండిపోయింది."

నేను వంటింట్లోకి ఎట్లా వెళ్ళానో, గ్లాసు ఎట్లా తెచ్చానో తెలియదు. సగం నీళ్ళు చీర మీదే ఒలికాయి. ఆమె మంచం పక్కనే కూర్చుని, అత్తమ్మ చూస్తుండగా, గుక్క తిప్పకుండా తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. అది కూడా తాగింది.

సోమవారం ఆటో వద్దని చెప్పేశాం. ఆ వారమే ఆమె వంటింట్లోకి నడిచింది. అత్తమ్మ రమ్మనలేదు, వద్దనలేదు, కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంది. ఆమె అక్కడ జొన్నరొట్టెలు చేసింది, పప్పు చేసింది. పండు మాత్రం ఎప్పుడూ ఆ డబ్బాలోనే. ఆపిల్స్ అయిపోతే జామపండ్లు గింజ తీసి, అవి లేనప్పుడు అరటిపండ్లు నిలువుగా చీల్చి. "మీ పొయ్యి మీకున్నది. గిది నా పొయ్యి" అనేది. మా ఆయన వారానికోసారి కాయిల్ వంక చూసి నిట్టూర్చేవాడు గాని నోరెత్తే ధైర్యం ఆయనకెక్కడిది!

తర్వాత ఏడాదికి కూతురు చదువు పూర్తయింది, మానుకోట దవాఖానలో ఉద్యోగం దొరికింది. ఆమె తండాకు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ నీళ్ళ సీసా మా వెనక గడప మీద వదిలేసి పోయింది, మరిచిపోయి కాదు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. నన్ను రెండు మాటలు పలకరించి, "అవ్వకియ్యి" అనేది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో, అత్తమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మూడు నెలల కింద కూతురు ఫోన్ చేసింది. "యాడి పోయింది మేడం" అంది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ. రెండు రోజుల జ్వరం, అంతే. పదకొండో రోజున జనగామలో రైలెక్కి మానుకోటలో దిగి, గూడూరు బస్సు పట్టుకుని, అక్కడి నుంచి ఆటోలో తండాకు వెళ్ళాను. వాకిట్లో నిప్పులు పోసి భోగ్ వేస్తున్నారు. దూరం నుంచి వచ్చానని నాకు ముందుగా చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది ఆ పిల్ల. తాగుతుంటే అంది, "యాడికి జ్వరంల దూప మస్తయింది మేడం. ఎన్ని నీళ్లు వోసినా గివి గాదు, జనగామ నీళ్లు తియ్యగుంటయి, గవి గావాలె అన్నది."

మా వీధి నీళ్ళు ఉప్పు, ఇంట్లో తాగేవి ఉత్త క్యాన్ నీళ్ళు; ఆ తీపి ఎక్కడిదో నాకు తెలుసు. ఆ చెంబులో మిగిలినవి నేను తాగలేకపోయాను.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. మంచం మీద కూర్చుని విన్నది. "అట్లనా" అంది. మూడు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. పెద్దవాళ్ళ మనసు గట్టిపడిపోతుంది కాబోలు అనుకున్నాను.

మెకానిక్ కొత్త కాయిల్ వేశాడు. "ఇగ బెల్లం గిల్లం ఏం వెట్టకుండ్రి మేడం, మల్ల కాలిపోతది" అని నాతో రెండుసార్లు ఒప్పించుకున్నాడు. పాత కాయిల్ తీసుకుపోతానంటే ఇవ్వలేదు. అతను వెళ్ళాక, ఎట్లా పనిచేస్తుందో చూద్దామని రెండు ఆపిల్స్ తొలిచి, బెల్లం కూరి, ఆమె చేసినట్టే చేశాను. ఇప్పపువ్వు తండా నుంచి ఆ పిల్ల కట్టి ఇచ్చిందే. గంట మోగింది. నేను గంటను నమ్మలేదు, తొక్క చిట్లే దాకా ఆగాను. గిన్నెలో వేసి అత్తమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

అత్తమ్మ చెంచా పట్టుకోలేదు.

"ముందు ఏసినవా?"

"ఎక్కడ అత్తమ్మా?"

"ఎక్కడేంది? నిప్పుకు."

"మెకానిక్ వద్దన్నాడు, మళ్ళీ కాలిపోతుందట. పోనీ గ్యాస్ మీద వేసి వస్తాను."

"గా డబ్బల చేసినప్పుడు గండ్లనే ఏయాలె" అంది అత్తమ్మ. "ఏసేటప్పుడు దాని పేరు చెప్పు." ఆ తర్వాత ఆమె పేరు పలికింది, స్పష్టంగా, పూర్తిగా. నాలుగేళ్ళలో ఆ నోటి నుంచి ఆ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. అత్తమ్మకు తెలుసని కూడా నాకు తెలియదు.

గిన్నె స్టూలు మీద పెట్టి, వెనక గడప మీది సీసాలో నీళ్ళు నింపుకుని, చెంచాడు బెల్లం నెయ్యి తీసుకుని డబ్బా దగ్గరికి వెళ్ళాను. మీట మళ్ళీ తిప్పి రెండు నిమిషాలు ఆగి, బుట్ట లాగి, మెడ వంచి పైకి చూశాను. ఎర్రగా ఉంది.